నీలోఫర్ ఎందుకు నచ్చింది?

ఈ మధ్య యాకుత్‌పురాలో ఆడవాళ్ళు నడుపుకునే ఒక కుట్టు కేంద్రంలో 'బాజార్' సినిమా వేశాం. సాగర్ సర్హదీ తీసిన ఈ సినిమా 1982లో వచ్చింది. కథ జరిగేది మన హైదరాబాదులోనే. గల్ఫ్ డబ్బుతో పెళ్ళికూతుర్ని వెతుక్కుంటూ వచ్చిన, వయసులో చాలా పెద్దవాడైన మనిషికి షబ్నమ్ అనే పేదింటి పిల్లను నిఖా పేరుతో కట్టబెడతారు. ప్రేమించినవాడు చూస్తూ నిలబడిపోతాడు. పిల్ల విషం తాగి చచ్చిపోతుంది. స్మితా పాటిల్, సుప్రియా పాఠక్, నసీరుద్దీన్ షా, ఫారూఖ్ షేక్ నటించారు. ఖయ్యాం సంగీతం. పాతబస్తీ ఆడవాళ్ళతో చర్చ పెట్టడానికి ఇంతకంటే తగిన సినిమా ఉండదని నేనే గట్టిగా వాదించి పెట్టించాను.

సగం అయ్యేసరికి ఒక్కొక్కరే లేచి వెళ్ళడం మొదలైంది. ఒకామెకి పిల్లాడు గుర్తొచ్చాడు, ఇంకొకామెకి నమాజు వేళ అయింది. చివరిదాకా మిగిలిన ఒక పెద్దావిడను "ఖాలా, సినిమా నచ్చలేదా?" అని అడిగాను. "బాగా తీశాడు బేటా. కానీ మా గల్లీలో చూసిందే మళ్ళీ కూర్చుని చూడాలా? నక్కో" అన్నారు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. తర్వాతి వారం చర్చాంశాలన్నీ పక్కనపెట్టి, "మీకు అన్నిటికంటే ఇష్టమైన సినిమా ఏది, ఎందుకు?" అని మాత్రం అడిగాం. అంతవరకు నోరు విప్పని వాళ్ళు కూడా మాట్లాడారు. పెద్దవాళ్ళు 'మొఘల్-ఎ-ఆజమ్', 'పాకీజా' అన్నారు. ఆడపిల్లలు తమ్ముళ్ళ ఫోన్లలో చూసే 'ది అంగ్రేజ్' డైలాగులు అప్పజెప్పి నవ్వించారు. నడివయసు వాళ్ళలో ఎక్కువమంది చెప్పిన పేరు మాత్రం 'నికాహ్'.

చూడనివాళ్ళ కోసం కథ నాలుగు మాటల్లో చెబుతాను. బి.ఆర్. చోప్రా తీసిన ఈ సినిమా కూడా 1982లోనే వచ్చింది. నీలోఫర్ (సల్మా ఆగా) ప్రేమించి వసీమ్‌ను పెళ్ళి చేసుకుంటుంది. పెళ్ళిరోజు విందు రాత్రి గొడవలో అతను మూడు మాటలు చెప్పి బయటికి పంపేస్తాడు. ఆమె ఉద్యోగం చూసుకుంటుంది, తర్వాత హైదర్‌ను పెళ్ళి చేసుకుంటుంది. మొదటివాడికి పశ్చాత్తాపం కలుగుతుంది. ఆమె మనసు ఇంకా అతని మీదే ఉందని అపోహపడ్డ హైదర్, గొప్ప త్యాగం చేస్తున్నాననుకుని, వసీమ్‌ను వెంటబెట్టుకొచ్చి తనూ తలాక్ ఇచ్చేస్తానంటాడు. అప్పుడు నీలోఫర్ ఇద్దర్నీ నిలబెట్టి నిలదీస్తుంది. ఒకడు కోపం వచ్చి విసిరేయడానికి, ఇంకొకడు దయతలచి దానమివ్వడానికి నేను మీ ఆస్తినా అన్నది ఆమె ప్రశ్న సారాంశం.

ఈ సినిమాను మన స్త్రీవాదుల్లో చాలామంది పెద్దగా పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు. నవాబుల బంగళాలు, ఖరీదైన దుస్తులు, గజళ్ళు, చివరికి మళ్ళీ ఒక భర్త. అందుకే ఎందుకు నచ్చిందని గుచ్చి గుచ్చి అడిగాను. తలాక్ గురించి చెబుతారనుకున్నాను. జర్దోజీ పని చేసే ఒక ముప్ఫయ్యేళ్ళ ఆమె చెప్పిన జవాబు వేరు: "బాజీ, ఆమె అంతసేపు మాట్లాడుతుంది కదా, మధ్యలో ఎవరూ అడ్డం రారు. ఇద్దరు మగవాళ్ళు నిలబడి వింటారు."

గదిలో అందరూ హౌ హౌ అన్నారు. తలాక్ అయిన ఒకామె తన పంచాయితీ సంగతి చెప్పింది. పెద్దమనుషులు కూర్చున్నారు, అత్తింటివాళ్ళు మాట్లాడారు, అన్నదమ్ములు మాట్లాడారు. తనను తలుపు వెనుక నిలబెట్టి, ఆఖర్న "నువ్వేమంటావమ్మా?" అని అడిగారు. తను రెండు మాటలు అనేసరికి అన్నే "సరేలే, ఊరుకో" అన్నాడు. ఆమె 'నికాహ్' పదిసార్లు చూసిందట. ఎందుకు చూసిందో ఇంక నేను అడగనక్కర్లేకపోయింది.

స్త్రీలు ఇష్టపడే సినిమాలను మనం సాధారణంగా రెండు రకాలుగా కొట్టిపారేస్తాం. పలాయనవాదం అంటాం, లేదా పితృస్వామ్య భావజాలాన్ని తలకెక్కించుకోవడం అంటాం. రెండింటిలోనూ కొంత నిజముంది. కానీ ఒక స్త్రీ ఒక సినిమాను పదిసార్లు చూసిందంటే, తన జీవితంలో లేనిదేదో అక్కడ ఉందని ఆమె తీర్పు చెబుతోందన్నమాట. దాన్ని మనం సాక్ష్యంగా తీసుకోవాలి. సర్వేల్లో మనం అడిగే ప్రశ్నలకు రాని సమాచారం ఈ ఇష్టాల్లో దొరుకుతుంది.

ఎవరి ఇష్టాలు లెక్కలోకి వస్తున్నాయన్నది కూడా ఆలోచించాలి. 2013లో సీఎన్ఎన్-ఐబీఎన్ పెట్టిన పోటీలో జనం ఓట్లతో మన 'మాయాబజార్' (1957) గొప్ప భారతీయ చిత్రంగా నిలిచింది. తెలుగువాళ్ళందరం సంతోషించాం. 2022లో బ్రిటన్ పత్రిక 'సైట్ అండ్ సౌండ్' 1,600 మందికి పైగా విమర్శకులను, మేధావులను అడిగితే బెల్జియం దర్శకురాలు షాంతాల్ అకెర్మాన్ 1975లో తీసిన 'జాన్ డీల్మాన్' మొదటి స్థానంలోకి వచ్చింది. ఒక ఇల్లాలు బంగాళాదుంపలు చెక్కు తీయడం, పక్క సర్దడం మూడు గంటలకు పైగా చూపించిన సినిమా అది. ఒక స్త్రీ తీసిన సినిమాకు ఆ జాబితాలో మొదటి స్థానం దక్కడం అదే మొదటిసారి. మంచిదే. కానీ తలాబ్‌కట్టలో గాజులకు రాళ్ళు అంటించే ఆమెను ఏ జాబితా కోసమూ ఎవరూ అడగలేదు.

ఆమెకు అసలు సినిమా చూడటమే తేలిక కాదు. ఒకప్పుడు మన హైదరాబాదు టాకీసుల్లో ఆడవాళ్ళకు పరదా కట్టిన జనానా విభాగం ఉండేది. తర్వాత పరదాలు పోయాయి గానీ, ఇంట్లో అనుమతి, తోడు, టిక్కెట్టు డబ్బులు అనే మూడు తలుపులు పోలేదు. 1980లలో గల్ఫ్ వెళ్ళిన అన్నలు, భర్తలు వీసీఆర్‌లు తెచ్చారు. రాత్రికి కాసెట్లు అద్దెకు తెచ్చుకుని, మగవాళ్ళు పడుకున్నాక వాడలోని ఆడవాళ్ళంతా ఒక ఇంట్లో చేరి చూసేవాళ్ళం అని పెద్దవాళ్ళు చెప్పారు. ఏ గల్ఫ్ డబ్బు షబ్నమ్‌లను కొనుక్కుపోయిందో, ఆ గల్ఫ్ సంపాదనే ఈ ఇళ్ళకు నీలోఫర్‌నూ తెచ్చిపెట్టింది.

'బాజార్' అబద్ధమని నేననడం లేదు. అది వచ్చిన తొమ్మిదేళ్ళకు, 1991 ఆగస్టులో, హైదరాబాదు నుంచి పదేళ్ళ బాలికను భార్యనంటూ తీసుకుపోతున్న సౌదీ వృద్ధుడు విమానంలో పట్టుబడ్డాడు. పాప ఏడుపు విని కనిపెట్టింది ఒక ఎయిర్ హోస్టెస్. 2017 సెప్టెంబరులో హైదరాబాదు పోలీసులు ఇటువంటి పెళ్ళిళ్ళ ముఠాను పట్టుకుని ఒమన్, ఖతార్ దేశస్థులను, ఖాజీలను, దళారులను అరెస్టు చేశారు. సినిమా వచ్చిన 35 ఏళ్ళకు కూడా ఆ బజారు నడుస్తూనే ఉంది.

కానీ ఆ సినిమా ఎవరు చూడాలి? షబ్నమ్‌కు తన కథ కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఆ సంబంధం కుదిర్చేది స్మితా పాటిల్ వేసిన నజ్మా పాత్ర. చదువు, తెలివి, జాలి అన్నీ ఉన్న మనిషి. తన జీవితం తను స్థిరపరచుకోవాలనే ఆశతో మధ్యవర్తి అవుతుంది. చివరికి నేరంలో తనకూ పాలుందని గ్రహిస్తుంది. బయటినుంచి వచ్చి, మంచి ఉద్దేశంతోనే పేద స్త్రీల బతుకుల్లో మధ్యవర్తులుగా నిలబడేవాళ్ళు ఇవాళ ఎవరు? మనమే. 'బాజార్' మన కార్యకర్తలు, ఎన్జీవో ఉద్యోగులు కూర్చుని చూడాల్సిన సినిమా. దాన్ని నేను తీసుకెళ్ళి షబ్నమ్‌లకు చూపించాను.

'నికాహ్' విషయంలోనూ జాగ్రత్త అవసరమే. ముస్లిం స్త్రీ బాధ అంటే తలాక్ ఒక్కటే అన్నట్టు, ముస్లిం పురుషుడొక్కడే దుర్మార్గుడన్నట్టు చూపడానికి ఈ సినిమాను వాడుకునేవాళ్ళు ఉన్నారు. 1985లో షాబానో తీర్పు, 1986లో వచ్చిన చట్టం, 2017లో మూడు తలాక్‌ల పద్ధతి చెల్లదన్న సుప్రీంకోర్టు తీర్పు, 2019లో అలా తలాక్ చెప్పిన భర్తకు మూడేళ్ళ దాకా జైలు విధించే చట్టం, ఇన్ని మలుపుల్లోనూ ముస్లిం స్త్రీ పేరు చెప్పి మాట్లాడినవాళ్ళే ఎక్కువ, ఆమెను మాట్లాడనిచ్చినవాళ్ళు తక్కువ. మా కుట్టు కేంద్రంలో 2019 చట్టం మాట వచ్చినప్పుడు వచ్చిన మొదటి ప్రశ్న, "వాడు జైల్లో కూర్చుంటే పిల్లల ఖర్చు ఎవరిస్తారు?" అని.

ఆ ప్రశ్నకు జవాబు వెతికే దారి ఒకటి మన తెలంగాణ కేసులోనే తేలింది. విడాకులిచ్చిన భార్యకు నెలకు 20,000 రూపాయలు ఇమ్మని ఫ్యామిలీ కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. హైకోర్టు దాన్ని 10,000కు తగ్గించింది. ముస్లిం స్త్రీకి 1986 చట్టమే వర్తిస్తుందంటూ భర్త సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 2024 జూలై 10న కోర్టు అతని వాదన కొట్టేసి, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద భరణం అడిగే హక్కు ముస్లిం స్త్రీలకూ ఉందని చెప్పింది. కేంద్రంలో ఆ రోజు 22 మంది ఉన్నారు. ఈ తీర్పు గురించి విన్నవాళ్ళు ఇద్దరే. అందరూ 'నికాహ్' చూసినవాళ్ళే. మనం చెప్పాల్సింది ఎక్కడినుంచి మొదలుపెట్టాలో ఇంతకంటే స్పష్టంగా ఏ అధ్యయనం చెప్పగలదు?

అందుకని నావి రెండే సూచనలు. అవగాహన సదస్సుకు సినిమా మనం ఎంచుకుని తీసుకుపోవద్దు. వాళ్ళ సినిమా వాళ్ళనే చెప్పనిద్దాం, అందులోంచే చట్టం దగ్గరికి వెళదాం. రెండోది కౌన్సెలింగ్ గురించి. మన కేంద్రాల్లో కూడా చాలాసార్లు ముందు భర్త తరఫువాళ్ళు మాట్లాడతారు, తర్వాత ఆమె తరఫువాళ్ళు, ఆ తర్వాత మనం. ఈ వరస మార్చాలి. ముందు ఆమె మాట్లాడాలి. ఆమె ముగించేదాకా, పెద్దమనిషైనా, అన్నయినా, మనమైనా, ఎవరూ అడ్డం రాకూడదు.

ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. పోయిన నెల నుంచి మా కేంద్రంలో మొదలుపెట్టాం. మొదటిసారి అలా మాట్లాడిన ఆమె పది నిమిషాలు మాట్లాడి, ఆగి, "ఇంకా ఉంది, చెప్పొచ్చా?" అని అడిగింది.