వెబర్ మోజు
పాత ఎంజీబీ కారు చేతికొచ్చిందంటే చాలు, చాలామంది ముందు పీకి పారేసేది దాని జంట ఎస్‌యూ కార్బొరేటర్లనే. వాటి చోట వెబర్ డీసీఓఈ బిగిస్తే 1,798 సీసీ ఇంజిన్ (మన పాత అంబాసిడర్ 1,489 సీసీ ఇంజిన్‌ది కూడా దీని బీ-సిరీస్ వంశమే) ఉరకలేస్తుందని ఆశ. నన్నడిగితే రోగమొకటి, మందొకటి. నిలకడగా తిరగని ఇంజిన్‌కు జబ్బు తరచూ పాయింట్ల గ్యాప్‌లోనో, ఇగ్నిషన్ టైమింగ్‌లోనో, వాల్వ్ క్లియరెన్స్‌లోనో ఉంటుంది. అవి సరిచూశాకే కార్బొరేటర్ జోలికెళ్లాలి. థ్రాటిల్ షాఫ్టు అరిగి పక్కనుంచి గాలి లాగుతుంటే ఎంత ట్యూనింగ్ చేసినా బూడిదలో పోసిన పన్నీరే. ఎస్‌యూ డ్యాష్‌పాట్‌లో నూనె ఉందో లేదో కూడా చూడరు మహానుభావులు! ఇంజిన్ వేడెక్కాక ఎస్‌యూ పిస్టన్‌ను మిల్లీమీటరు లోపే పైకెత్తండి: వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ, ఆగిపోబోతే తక్కువ, క్షణంపాటు కాస్త పెరిగి కుదుటపడితే లెక్క సరిపోయినట్టే. వెబర్‌కైతే మెయిన్ జెట్, ఎయిర్ కరెక్టర్, ఎమల్షన్ ట్యూబ్, చోక్ అంటూ ఒక్కొక్కటీ కొని మార్చి చూసుకోవాలి. క్యామ్‌షాఫ్టు, సిలిండర్ హెడ్ మార్చి ట్రాక్ మీదికి దిగేవాళ్లకు ఆ ఖర్చు దండగ కాదు. ఆదివారం షికారుకు తీసేవాళ్లు మాత్రం ఎస్‌యూ రీబిల్డ్ కిట్ కొనుక్కుంటే చాలు.