కోటి విద్యలు కూటికే కాదు, కూడబెట్టడానికి కూడా

చేతిపని శీర్షిక – ఈ వారం: హెల్పర్ నుంచి వెల్డర్ దాకా

సోదరులారా, పెద్ద జీతం అనగానే మన ఊళ్లలో గుర్తొచ్చేది డాక్టరు, ఇంజనీరు, సాఫ్ట్‌వేరు. ఆ చదువులు మనకు అందలేదు కాబట్టి పెద్ద జీతం కూడా మనకు రాసిపెట్టి లేదని చాలామంది తీర్మానించుకుని విమానం ఎక్కాం. ఇక్కడ హెల్పర్‌గా చేరాం. రెండేళ్ల కాంట్రాక్టు అయిపోయింది, ఇంకో రెండేళ్లు పొడిగించారు, మళ్లీ రెండేళ్లు. ఆరేళ్లు గడిచినా బతాకా మీద వృత్తి మారలేదు. జీతం పెరిగింది పది రియాళ్లో, పదిహేను రియాళ్లో.

కానీ మనం పనిచేసే సైట్‌లోనే, మన మెస్‌లోనే అన్నం తినేవాళ్లలో, పెద్ద చదువు లేకుండానే మనకు రెట్టింపు తీసుకునేవాళ్లు ఉన్నారు. వాళ్ల చేతిలో ఒక పని ఉంది, ఆ పని వచ్చునని చెప్పే కాగితం ఉంది. మనకూ వాళ్లకూ ఉన్న తేడా ఈ రెండే. ఆ తేడాను ఎలా దాటాలన్నదే ఈ వారం మాట.

దుక్మ్ మారింది, మనమూ మారాలి

మస్కట్‌కు సుమారు 550 కిలోమీటర్ల దూరంలో, అల్ వుస్తా సముద్రతీరంలో దుక్మ్ ఒకప్పుడు జాలర్ల ఊరు. 2011లో ప్రత్యేక ఆర్థిక మండలి ఏర్పాటైంది. అదే ఏడాది ఓడలు బాగుచేసే డ్రైడాక్ మొదలైంది. 410 మీటర్ల పొడవున్న రెండు డాకులు అందులో ఉన్నాయి. 2018లో రిఫైనరీకి పునాది పడింది. ఒమాన్, కువైట్ కలిసి కట్టిన ఆ రిఫైనరీని 2024 ఫిబ్రవరిలో ఒమాన్ సుల్తాన్, కువైట్ అమీర్ కలిసి ప్రారంభించారు. రోజుకు 2 లక్షల 30 వేల పీపాల ముడిచమురును శుద్ధి చేయగల ఫ్యాక్టరీ అది.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. ఏ ఫ్యాక్టరీ అయినా కట్టేటప్పుడు వేలాది చేతులు కావాలి. తవ్వాలి, మోయాలి, పోయాలి. కట్టడం పూర్తయ్యాక ఆ చేతుల అవసరం తీరిపోతుంది, మొదట ఇంటికి పంపేది హెల్పర్లనే. కానీ నడిచే ఫ్యాక్టరీకి మరమ్మతు ఎప్పటికీ ఉంటుంది. పైపు అరుగుతుంది, వాల్వు మార్చాలి, షట్‌డౌన్ వస్తే కొద్ది వారాల్లో వందల అతుకులు వేయాలి. డాకులోకి వచ్చిన ప్రతి ఓడకూ ప్లేటు కోసి కొత్తది అతకాలి. కాబట్టి కట్టే పని తగ్గినా చేసే పని తెలిసినవాడికి గిరాకీ ఉంటుంది.

ఓటీతో ఈ దూరం దాటగలమా?

"నేర్చుకోవడం ఎందుకు, ఇంకో నాలుగు గంటలు ఓటీ చేస్తే అదే డబ్బు వస్తుంది కదా" అని చాలామంది అంటారు. లెక్క వేసి చూద్దాం. హెల్పర్ బేసిక్ 100 రియాళ్లు, వెల్డర్ బేసిక్ 180 రియాళ్లు అనుకుందాం. ఇవి లెక్క కోసం తీసుకున్న అంకెలు. మీ కాంట్రాక్టులోవి వేసుకుని చూడండి.

నెలకు 22 పనిదినాలు, రోజుకు 8 గంటలు అయితే 176 గంటలు. 100 రియాళ్లను 176తో భాగిస్తే గంటకు 568 బైసాలు. ఒమాన్ కార్మిక చట్టం ప్రకారం పగటి ఓటీకి 25 శాతం కలపాలి కాబట్టి గంటకు 710 బైసాలు. ఆ 80 రియాళ్ల తేడా ఓటీతో సంపాదించాలంటే నెలకు సుమారు 113 గంటలు, అంటే రోజుకు 5 గంటలకు పైగా అదనంగా చేయాలి. మామూలు పనీ ఓటీ కలిపి రోజుకు 12 గంటలు దాటకూడదని చట్టం. అంటే ఓటీతో ఆ దూరం దాటలేం. ఒకవేళ ఏదో ఒక నెల దాటినా, ఏడాది పొడవునా నడుము నిలవదు.

ఇదే 80 రియాళ్లు పని నేర్చుకుని సంపాదిస్తే? రియాల్‌కు 220 రూపాయలు అనుకున్నా నెలకు 17,600 రూపాయలు. ఏడాదికి 2 లక్షల 11 వేలు. ఐదేళ్లకు పదిన్నర లక్షలు. పైగా బేసిక్ పెరిగితే ఓటీ రేటు పెరుగుతుంది, చివర్లో వచ్చే గ్రాట్యుటీ కూడా పెరుగుతుంది. 2023లో వచ్చిన కొత్త కార్మిక చట్టం ప్రకారం గ్రాట్యుటీ ఏడాదికి ఒక నెల బేసిక్ చొప్పున లెక్క కడతారు. అందుకే కాంట్రాక్టు చూసేటప్పుడు మొత్తం జీతం ఎంత అని కాకుండా బేసిక్ ఎంత అని అడగండి.

6జీ అంటే ఏమిటి?

వెల్డర్లందరికీ ఒకే జీతం ఉండదు. గేటుకు, రెయిలింగుకు అతుకు వేసేవాడు ఒక మెట్టు. ప్లేటు వెల్డర్ ఇంకో మెట్టు. పైపు వెల్డర్ ఆ పైమెట్టు. అందులో ఆర్క్, ఆర్గాన్ రెండూ వచ్చినవాడికి విలువ ఎక్కువ.

పైపు పరీక్షల్లో 1జీ అంటే పైపు తిరుగుతుంటుంది, వెల్డర్ పైనుంచి వేస్తాడు. 2జీలో పైపు నిలువుగా ఉంటుంది. 5జీలో అడ్డంగా కదలకుండా ఉంటుంది. 6జీలో పైపును 45 డిగ్రీల వాలుగా బిగిస్తారు. అది కదలదు, వెల్డరే చుట్టూ తిరిగి పైన, పక్కన, కింద అన్ని వైపులా అతుకు వేయాలి. అందుకే 6జీ పాసైనవాడు ఏ మూలనున్న అతుకైనా వేయగలడని నమ్ముతారు. వేసిన అతుకును ముందు కంటితో చూస్తారు, తర్వాత ఎక్స్‌రే తీయడమో, కోసి వంచి చూడడమో చేస్తారు. లోపల గాలిబుడగ ఉన్నా, వేరు దగ్గర లోహం కరిగి కలవకపోయినా అక్కడ బయటపడుతుంది.

రెండు విషయాలు గుర్తుంచుకోండి. చమురు, గ్యాస్ పనుల్లో ఎక్కువగా వాడే ఏఎస్‌ఎంఈ సెక్షన్ 9 నిబంధన ప్రకారం, ఏ పద్ధతిలో పాసయ్యారో ఆ పద్ధతిలో ఆరు నెలలపాటు వెల్డింగ్ చేయకపోతే ఆ అర్హత పోతుంది. కాబట్టి పాసై హెల్పర్ పనిలోనే ఉండిపోతే ప్రయోజనం లేదు. రెండోది, పాత కంపెనీ ఇచ్చిన సర్టిఫికెట్ ఉన్నా కొత్త కంపెనీ సాధారణంగా మళ్లీ టెస్టు పెడుతుంది. కాగితం లోపలికి రానిస్తుంది, ఉద్యోగం ఇచ్చేది చేయి. కాబట్టి డబ్బు పోసి కొన్న సర్టిఫికెట్ టెస్టు బూత్ దగ్గర పది నిమిషాల్లో తేలిపోతుంది. ఆ తర్వాత తిరుగు విమానం టికెట్టు బాధ మనదే.

హెల్పర్‌గా ఉంటూనే నేర్చుకునేది ఎలా?

మొదట, మీ ఫోర్‌మన్‌ను మర్యాదగా అడిగి తవ్వకం ముఠా నుంచి వెల్డర్ దగ్గర హెల్పర్‌గా మారండి. జీతం అదే ఉండొచ్చు. కానీ రోజుకు ఎనిమిది గంటలు పని కళ్ల ముందు జరుగుతుంది.

అక్కడ చేతికి వచ్చిన ప్రతి పనికీ కారణం అడగండి. 7018 రాడ్డును ఓవెన్‌లో వేడిగా ఎందుకు ఉంచుతారు? చెమ్మ పట్టిన రాడ్డుతో వేస్తే హైడ్రోజన్ లోహంలో చేరి అతుకు తర్వాత పగలవచ్చు, అందుకు. పైపు అంచును ఏటవాలుగా ఎందుకు గ్రైండ్ చేస్తారు? అతుకు అడుగుదాకా దిగాలి కాబట్టి. రెండు పైపుల మధ్య సందు ఎందుకు కొలుస్తారు? సందు తక్కువైతే వేరు అంటదు, ఎక్కువైతే లోహం జారిపోతుంది. ఇలా రోజుకు ఒక్క "ఎందుకు" నేర్చుకున్నా ఏడాదికి మూడు వందలవుతాయి.

గ్రైండింగ్ బాగా వచ్చినవాడిని వెల్డర్ వదులుకోడు. అలాంటివాడికి పని ముగిశాక తుక్కు ముక్క మీద రాడ్డు పట్టే అవకాశం దొరుకుతుంది. అయితే సూపర్‌వైజర్ అనుమతి లేకుండా, హాట్ వర్క్ పర్మిట్ లేకుండా, మాస్కు లేకుండా ఎప్పుడూ వద్దు. ఒక్క నిప్పురవ్వ రిఫైనరీలో ఏం చేయగలదో మీకు చెప్పనక్కరలేదు. కళ్లు, ఊపిరితిత్తులు పోతే ఏ సర్టిఫికెట్టూ తిరిగి తేలేదు.

రెండేళ్లకోసారి సెలవు మీద ఇంటికి వెళ్లినప్పుడు రెండు నెలల్లో ఒక నెల శిక్షణకు ఇవ్వండి. శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం, ఇచ్ఛాపురం, సోంపేట వైపు కుర్రాళ్లు ముందే వెల్డింగు, రిగ్గింగు, ఫిట్టింగు నేర్చుకుని విదేశాలకు బయలుదేరడం చాలాకాలంగా ఉన్న అలవాటు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి మన వాళ్లు ఎక్కువగా పొలం మీదనుంచో, మగ్గం మీదనుంచో నేరుగా వచ్చారు. పోగు తెగకుండా మగ్గం నేసిన చేతికి ఆర్గాన్ టార్చి నిలకడగా పట్టడం అసాధ్యమేమీ కాదు.

పదో తరగతి పాస్ కానివారు ఓపెన్ స్కూల్ ద్వారా పరీక్ష రాయండి. వయసు ఎంతయినా ఫర్వాలేదు. పది పాసైతే పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ బెడద తప్పుతుంది, ఇంగ్లిషు డ్రాయింగ్ చదవడానికి ధైర్యమూ వస్తుంది. డ్రాయింగ్ చదవడం వస్తే ఫ్యాబ్రికేటర్, ఆపైన ఫోర్‌మన్ దారి తెరుచుకుంటుంది.

కాగితాలు జాగ్రత్త

పని మారినప్పుడు, కాంట్రాక్టు పొడిగించేటప్పుడు వృత్తి పేరూ బేసిక్కూ మార్చమని అడగండి. వెల్డర్ పని చేయించుకుంటూ హెల్పర్ అని రాసి ఉంటే రేపు ఇంకో కంపెనీ మీ అనుభవాన్ని నమ్మదు. సర్వీస్ సర్టిఫికెట్, టెస్టు రిపోర్టు, సేఫ్టీ కార్డులు అన్నింటికీ ఫోటోలు తీసి ఇంట్లో ఒకరి ఫోన్‌లో కూడా దాచండి. 2021 జనవరి 1 నుంచి కాంట్రాక్టు పూర్తయిన కార్మికుడు పాత యజమాని ఎన్ఓసీ లేకుండానే ఒమాన్‌లో వేరే కంపెనీకి మారవచ్చు. చేతిలో పని ఉన్నవాడికి ఈ మార్పు పెద్ద వరం. ఓపిక పట్టి కాంట్రాక్టు ముగించండి. నాలుగు రియాళ్లు ఎక్కువ వస్తాయని మధ్యలో పారిపోయి కల్లివెల్లి అయితే, నేర్చిన పనికి రుజువూ ఉండదు, గ్రాట్యుటీ అడిగే దారీ ఉండదు.

జీతం పెరిగితే ఆస్తి పెరిగినట్టేనా?

కాదు. ఎక్కువ జీతం తీసుకుంటూ అప్పుల్లోనే ఉన్న వెల్డర్లూ ఉన్నారు. ఆస్తి నిలవాలంటే వరుస ముఖ్యం.

మొదట అప్పు. లక్షన్నర రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 4,500 వడ్డీకే పోతుంది. మూడేళ్లకు 1 లక్ష 62 వేలు. అంటే అసలు కంటే ఎక్కువ కట్టినా అసలు అలాగే ఉంటుంది. పెరిగిన జీతం మొదటి ఏడాది మొత్తం ఈ అప్పుకే వెళ్లాలి. కొత్తగా వచ్చే తమ్ముళ్లకు కూడా చెప్పండి: రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగల సేవా రుసుం 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్షలు అడిగేవాడి దగ్గరకు వెళ్లవద్దు.

తర్వాత సొంత పేరున ఎన్ఆర్ఈ ఖాతా. ఇక్కడి సంపాదన అందులో వేస్తే ఆ వడ్డీ మీద మన దేశంలో ఆదాయపు పన్ను లేదు. ఇంటి ఖర్చుకు నెలనెలా ఇంత అని పంపండి, మిగిలింది ఆ ఖాతాలో ఉండనివ్వండి. ఆరు నెలల ఇంటి ఖర్చు అందులో నిలిచేదాకా ఇంకే ఆలోచనా వద్దు. ప్రాజెక్టు ఆగినా, జబ్బు చేసినా అప్పుడు కాపాడేది అదే.

ఆ తర్వాతే భూమి, ఇల్లు. ఇక్కడొక విషయం చాలామందికి తెలియదు. విదేశంలో ఉద్యోగం చేస్తూ ఎన్ఆర్ఐగా ఉన్నవారు ఫెమా నిబంధనల ప్రకారం తమ పేరున ఇల్లు, ప్లాటు కొనుక్కోవచ్చు కానీ వ్యవసాయ భూమి కొనకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అందుకే మన వాళ్లు పొలం అన్న పేరునో, బావ పేరునో కొంటారు. పదేళ్ల తర్వాత తిరిగి వెళ్లేసరికి పొలం వాళ్లదే అవుతుంది, మాట తగాదా అవుతుంది. పొలం కొనక తప్పదంటే ఊళ్లో ఉన్న ఇల్లాలి పేరున కొనడం మేలు. డబ్బు పంపిన రసీదులు దాచండి. చీటీ వేస్తే చట్టప్రకారం రిజిస్టరైనదాంట్లోనే వేయండి, నోటి మాట చీటీలో వద్దు.

చివరిగా ఒక మాట. ఇంటికి పంపే డబ్బు గురించి ఇల్లాలితో లెక్క మాట్లాడండి. ఎంత వస్తుందో, ఎంత దాస్తున్నామో, అప్పు ఎప్పటికి తీరుతుందో ఆమెకు తెలిస్తే ఆ ఇల్లు నిలబడుతుంది. తెలియకపోతే మనం ఇక్కడ ఎండలో చేసిన పొదుపు అక్కడ పెళ్లి విందుల్లో కరిగిపోతుంది.

ఈ వారం చేయవలసింది ఒక్కటే: మీ సైట్‌లో మంచి పైపు వెల్డర్ ఎవరో చూసి, ఆయన దగ్గర హెల్పర్‌గా వేయమని ఫోర్‌మన్‌ను అడగండి. ఒకసారి కాదంటే వచ్చే నెల మళ్లీ అడగండి. వచ్చే వారం రిగ్గర్, స్కాఫోల్డర్ పనుల గురించి, వాటి కార్డుల గురించి రాస్తాం. మీ సందేహాలు కాగితం మీద రాసి మన పత్రిక పంచే కుర్రాడికి ఇవ్వండి. పేరు రాయకపోయినా ఫర్వాలేదు, జవాబు ఇక్కడే ఇస్తాం.