సీసా మీద సంవత్సరము



కోనసీమలోని ఒక సంఘపెద్దగారు మాకు ఉత్తరము వ్రాశారు. వారి అబ్బాయి అమెరికాలో ఉద్యోగము చేస్తున్నాడు. సెలవులకు ఇంటికి వస్తూ ఫ్రాన్సు దేశపు ఎర్ర ద్రాక్షారసము సీసా ఒకటి తెచ్చాడట. "ఇది మన ఊరి బ్రాందీ వంటిది కాదు నాన్నగారూ, వింటేజి వైను. గుండెకు మంచిది. కావాలంటే ప్రభువు బల్లకు కూడా వాడుకోవచ్చు" అన్నాడట. ఆ మాటల్లో ఎంత నిజమున్నదో చెప్పమని పెద్దగారు అడిగారు. సీసా ఇంకా బీరువాలోనే ఉన్నదని కూడా వ్రాశారు. ఇటువంటి సీసాలు ఇప్పుడు మన పల్లెల్లో చాలా ఇళ్లకు వస్తున్నాయి గనుక ఈ నెల ఈ పేజీని దీనికే కేటాయిస్తున్నాము.

వింటేజి అంటే పెద్ద బ్రహ్మరహస్యమేమీ లేదు. ఆ సీసాలోని రసము ఏ సంవత్సరము కోసిన ద్రాక్షతో తీసినదో చెప్పే మాట అది. ఫ్రాన్సులో పడమటి సముద్రము దగ్గర బోర్డో అనే రేవు పట్టణమున్నది. దాని చుట్టుపక్కల తోటలు ఎర్ర ద్రాక్షారసమునకు పేరుపొందాయి. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నల్లద్రాక్ష కోస్తారు. చితికిన పండ్లను తొక్కలతో సహా పులియనిస్తారు, ఎరుపు రంగు ఆ తొక్కల నుంచే దిగుతుంది. తరువాత ఓకు చెక్క పీపాల్లో పోసి ఏడాదిన్నర, రెండేళ్లు ఉంచుతారు. ఒక్కొక్క పీపా 225 లీటర్లు, అంటే 300 సీసాలు. విచిత్రమేమంటే, కోత అయిన మరుసటి వసంతములోనే, రసము ఇంకా పీపాలో ఉండగానే, వర్తకులు వచ్చి రుచి చూసి ధర కట్టి సొమ్ము చెల్లిస్తారు. సరుకు చేతికి వచ్చేది మరో రెండేళ్లకు. కొత్త వింటేజి వచ్చిందని పత్రికలు వ్రాసేది ఈ బేరము గురించే.

మన ఇళ్లల్లో కూడా సంవత్సరములకు పేర్లున్నాయి. 1986 ఆగస్టులో గోదావరి వరద, 1996 నవంబరు 6న కోనసీమ తుఫాను. పిల్లవాడు ఎప్పుడు పుట్టాడంటే "తుఫాను వచ్చిన ఏడు" అంటాము. కాని ధాన్యపు బస్తా మీద ఆ పేరు ఉండదు. బియ్యము పాతదా కొత్తదా అని చూస్తారు, పాత బియ్యానికి రెండు రూపాయలు ఎక్కువ పెడతారు, అంతవరకే. బోర్డోలో అలా కాదు. అక్కడ ఆ ఏటి ఎండ, వాన, మంచు అన్నీ సీసా మీద వేసిన అంకెతో పాటే అమ్ముడవుతాయి. 1945 మే నెలలో మంచు పడి లేత చిగుళ్లు మాడిపోయాయి, పంట చాలా తగ్గింది. మిగిలిన కొద్ది పండుతో చేసినదే ఆ శతాబ్దములో గొప్పవాటిలో ఒకటిగా నిలిచింది. యుద్ధము ముగిసిన ఏడు గనుక మూటన్ రోత్‌షిల్డ్ తోటవారు సీసా కాగితము మీద విజయానికి గుర్తుగా "వి" అనే ఇంగ్లీషు అక్షరమును ముద్రించారు. బర్గండీ అనే మరో సీమలో అదే 1945లో చేసిన రొమానీ కాంటీ సీసా ఒక్కటి 2018లో న్యూయార్కు వేలములో 5,58,000 డాలర్లు పలికింది. అప్పటి లెక్కన నాలుగు కోట్ల రూపాయలు దాటింది. కొన్నవారు దాన్ని త్రాగుతారని మేమైతే అనుకోము.

ఇంత ధర ఎందుకు? పేరు కొంత. 1855లో పారిస్ ప్రదర్శన కోసము మూడవ నెపోలియన్ చక్రవర్తి కోరగా బోర్డో వర్తకులు తోటలను తరగతులుగా విభజించారు. లఫీట్, లటూర్, మార్గో, ఒబ్రియాన్ అనే నాలుగు తోటలను మొదటి తరగతిలో పెట్టారు. 1973లో మూటన్ తోటను ఆ తరగతిలో చేర్చారు. నూట డెబ్బై ఏళ్లు గడిచినా ఆ పట్టికలో పై తరగతికి వచ్చిన మార్పు అదొక్కటే. మన ఊళ్లో ఒక తరములో వచ్చిన పేరు మరో తరానికి నిలవదు, అక్కడ కాగితము మీద ఎక్కిన పేరు దిగలేదు.

మరి కొంత నేల. ఇది మన రైతులు ఆలోచించదగిన సంగతి. కాటన్ దొర 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తి చేసిన తరువాత మన డెల్టాకు నీటి భయము తగ్గింది. ఒండ్రునేల, కాలువ నీరు, ఏడాదికి రెండు పంటలు. ఆ బోర్డో గొప్ప తోటలున్నవి మెడాక్ అనే ప్రాంతములో, గులకరాళ్ల దిబ్బల మీద. అక్కడ వరి నాటితే గింజ రాదు. ఆ నేల బీదది గనుక తీగ వేరు లోతుకు దిగుతుంది, కాయ తక్కువ కాస్తుంది, కాసినది చిక్కగా ఉంటుంది. మన ఒండ్రులో అదే తీగ నాటితే ఆకు దండిగా వేసి నీళ్ల కాయ కాస్తుంది, మొదటి వానలకే బూజు పడుతుంది. యెషయా గ్రంథము ఐదవ అధ్యాయములోని ద్రాక్షతోట యజమానుడు రాళ్లన్నీ ఏరివేశాడు. మెడాక్ రైతు ఆ రాళ్లనే ఆస్తిగా చూసుకుంటాడు.

బూజు అన్నాము. 2024లో బోర్డోలో వానలు విడవలేదు, తోటలకు బూజు తెగులు బాగా పట్టింది. 2025 వసంతములో ఆ వింటేజిని అమ్మకానికి పెట్టినప్పుడు గొప్ప గొప్ప తోటలవారు కూడా ముందు ఏడాది కంటె ధర తగ్గించవలసి వచ్చింది. ఈ బూజు అక్కడ పుట్టినది కాదు. పందొమ్మిదవ శతాబ్దములో అమెరికా నుంచి వచ్చిన ఒక పురుగు ఫ్రాన్సు ద్రాక్ష వేళ్లను తినివేసింది. దాన్ని తట్టుకునే అమెరికా తీగలను తెప్పించగా, ఆ తీగలతో పాటు 1878 ప్రాంతములో బూజు కూడా దిగింది. ఆకుల క్రింద తెల్లని నూగులాగా పట్టి తోటంతా ఎండబెట్టేది.

ఆ రోజుల్లోనే బోర్డో విశ్వవిద్యాలయములో మిల్లార్డే అనే వృక్షశాస్త్ర ఆచార్యుడుండేవాడు. 1882లో ఆయన మెడాక్ దారిన వెళుతూ ఒక వింత చూశాడు. తోటలన్నీ బూజుకు ఆకు రాల్చి ఉన్నాయి, దారి పక్కన ఉన్న వరుసలు మాత్రము పచ్చగా ఉన్నాయి. వాటి మీద నీలిరంగు పూత ఉన్నది. విచారిస్తే తెలిసిందేమిటంటే, దారిన పోయేవారు పండ్లు తెంపుకొని తినకుండా రైతులు మైలుతుత్తము, సున్నము కలిపి ఆ చివరి వరుసల మీద చల్లేవారట! విషము చల్లారేమో అనుకొని ఎవరూ చెయ్యి పెట్టరు కదా. మన మామిడి తోటల్లో దిష్టిబొమ్మ చేసే పనిని అక్కడ మైలుతుత్తము చేసింది. మిల్లార్డే దానిని పరీక్షించి, పాళ్లు సరిచేసి 1885లో ప్రకటించాడు. బోర్డో మిశ్రమము అనే పేరు అలా వచ్చింది.

కొబ్బరి రైతులు ఇప్పటికే గుర్తుపట్టి ఉంటారు. మొవ్వు కుళ్లు తెగులు వస్తే కుళ్లిన భాగము చెక్కివేసి పూసేది ఈ బోర్డో ముద్దనే, చుట్టుపక్కల చెట్ల మొవ్వులో పోసేది ఒక శాతము బోర్డో మిశ్రమమునే. కిలో మైలుతుత్తము 50 లీటర్ల నీటిలో, కిలో సున్నము మరో 50 లీటర్లలో వేరువేరుగా కరిగించి, తుత్తము నీటిని సున్నపు నీటిలో కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. ఇనుప పాత్ర పనికిరాదు. మెరిసే చాకును అందులో ముంచి తీస్తే ఎర్రని రాగి పూత పట్టిందనుకోండి, సున్నము చాలలేదని అర్థము. ఏ రోజు కలిపినది ఆ రోజే వాడాలి. బోర్డో సీసా మన ఊరి దుకాణములో ఎన్నడూ కనబడకపోయినా, ఆ ద్రాక్షతోట మందు మన కొబ్బరి మొవ్వు దాకా వచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేము. బోర్డో రైతులందరూ లఫీట్ దొరలు కారు. మామూలు తోటల వారి రసమునకు గిరాకీ పడిపోయింది. ఫ్రాన్సువారే ఎర్ర ద్రాక్షారసము త్రాగడము తగ్గించారు, చైనాకు ఎగుమతులు కూడా తగ్గాయి. హెక్టారుకు 6,000 యూరోల చొప్పున సొమ్ము ఇచ్చి సుమారు 9,500 హెక్టార్లలో తీగలు పీకివేయించే పథకము 2023లో వచ్చింది. తాతలు నాటిన తీగను పీకడానికి డబ్బు తీసుకునే రైతు మనస్సు ఎలా ఉంటుందో, 2011 ఖరీఫులో గిట్టుబాటు కాక, మురుగు కాలువలు పూడిపోయి, పొలాలు బీడు పెట్టి పంట విరామము ప్రకటించిన కోనసీమ రైతుకు వేరే చెప్పనక్కరలేదు. పీపాలో ఉండగానే సొమ్ము చెల్లించే బేరగాళ్లు కొద్ది తోటల గుమ్మములోనే నిలబడతారు.

ఇక గుండె సంగతి. 1991లో అమెరికా టెలివిజనులో ఒక కార్యక్రమము వచ్చింది. ఫ్రాన్సువారు వెన్న, మాంసము బాగా తింటున్నా వారికి గుండెజబ్బులు తక్కువ, అందుకు కారణము ఎర్ర ద్రాక్షారసము కావచ్చునని అందులో చెప్పారు. ఆ దెబ్బతో అమెరికాలో దాని అమ్మకాలు పెరిగాయి. పెద్దగారి అబ్బాయి విన్న మాటకు మూలము అదే. తరువాత పరిశోధకులు తరచి చూశారు. మితముగా త్రాగేవారిలో చాలామంది కలిగినవారు, మంచి తిండి తినేవారు, వైద్యము అందుబాటులో ఉన్నవారు. త్రాగనివారి లెక్కలో జబ్బుచేసి మానివేసినవారు కూడా కలిసిపోయారు. ద్రాక్ష తొక్కలో ఉన్నదని చెప్పే మంచి పదార్థము సీసాలో ఉన్నది అత్యల్పము. మద్యము క్యాన్సరు కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. ఇంత త్రాగితే హాని లేదు అని చెప్పదగిన కొలత లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. ఏ సంవత్సరపు సీసాకూ మినహాయింపు ఇవ్వలేదు.

"బ్రాందీ వంటిది కాదు" అన్న మాటను లెక్క వేసి చూద్దాము. 750 మిల్లీలీటర్ల ద్రాక్షారసము సీసాలో ఆల్కహాలు సుమారు 13.5 శాతము ఉంటే, అసలు ఆల్కహాలు 100 మిల్లీలీటర్లు. 180 మిల్లీలీటర్ల బ్రాందీ క్వార్టరులో 42.8 శాతము చొప్పున 77 మిల్లీలీటర్లు. ఒక సీసా ద్రాక్షారసము ఖాళీ చేసినవాడు క్వార్టరు త్రాగినవానికంటె ఎక్కువే పుచ్చుకున్నాడు. గ్లాసు ఆకారము మారితే కాలేయానికి తెలియదు. తిమోతికి పౌలు వ్రాసిన మాటను ఇందుకు సాక్ష్యముగా తెచ్చేవారున్నారు. అది మాటిమాటికి జబ్బుపడే ఒక యౌవనస్థుని కడుపుకు, కొద్దిగా, అని చెప్పిన సలహా. పండుగ విందుకు ఇచ్చిన అనుమతి కాదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణము మూయించినప్పుడు ఆ మంట రాష్ట్రమంతా పాకింది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధము వచ్చింది, 1997లో సడలిపోయింది. ఆ రెండేళ్లలో కూడా మన పక్కనే ఉన్న యానాములో ఆ చట్టము చెల్లలేదు, అది పుదుచ్చేరి పాలనలోనిది గనుక. 1954 వరకు ఫ్రెంచి జెండా ఎగిరిన ఊరు అది. గోదావరి పాయ దాటి అటు వెళ్లి వచ్చిన ఇంటి యజమానుల కథలు మా కంటె పాఠకులకే ఎక్కువ తెలుసు. వారిలో ఎవరూ వింటేజి అడిగి ఉండరు.

ప్రభువు బల్ల విషయము. కొన్ని సంఘములు పులిసిన ద్రాక్షారసమునే వాడతాయి, అది వారి క్రమము, దానిని మేము తప్పుపట్టము. కాని ఖరీదైన సీసా తెస్తే బల్లకు గౌరవము పెరుగుతుందనే తలంపు మాత్రము సరికాదు. త్రాగుడు మానుకున్న సహోదరుడు ఆ వరుసలో మోకరించి ఉంటాడు. పది సంవత్సరములు కష్టపడి మానినవానికి ఆ వాసన ఎంత శోధనో సంఘపెద్ద ముందుగా ఆలోచించాలి.

పులియని రసము వాడే అలవాటు వెనుక కూడా ఫ్రెంచి ద్రాక్షతోటే ఉన్నది. అక్కడి ద్రాక్షారసము దారిలో చెడిపోతున్నదని, కారణము కనుగొనమని 1863లో అదే మూడవ నెపోలియన్ లూయీ పాశ్చర్ అనే శాస్త్రజ్ఞుని అడిగాడు. చెడగొట్టేది కంటికి కనబడని సూక్ష్మజీవులనీ, రసమును మితముగా వేడిచేస్తే అవి చస్తాయనీ ఆయన చూపించాడు. పాల ప్యాకెట్టు మీద పాశ్చరైజ్డ్ అని మనము చదివేది ఆయన పేరే. 1869లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రములో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు దంతవైద్యుడు ఆ పద్ధతినే తీసుకొని, ద్రాక్షరసమును సీసాల్లో వేడిచేసి, పులియకుండా నిలవచేశాడు. తన సంఘములో ప్రభువు బల్ల కోసమే ఆ పని చేశాడు.

మన పల్లె సంఘములలో కిస్‌మిస్ రసము చేసే స్త్రీలు పాశ్చర్ పేరు వినకపోయినా చేసేది ఆ పనే. విత్తనము లేని నల్ల ఎండుద్రాక్ష దొరికితే మంచిది. బాగా కడిగి, మునిగేటంత నీటిలో కొన్ని గంటలు నానబెట్టి, అదే నీటితో మరిగించి, చేతితో కాక గరిటెతో నలిపి, శుభ్రమైన గుడ్డలో వడకట్టాలి. వడకట్టిన రసమును మరల ఒక పొంగు రానిచ్చి, వేడినీళ్లలో మరిగించిన సీసాలో వేడివేడిగా పోసి మూత బిగించాలి. శనివారము సాయంత్రము చేసుకుంటే చాలు, మన ఉక్కకు అంతకంటె ముందు చేయడము మంచిది కాదు. ఆదివారము ఉదయము మూత తీసినప్పుడు బుడగలు గాని పులుపు వాసన గాని వస్తే దానిని పారబోయండి. అందుకే గుప్పెడు కిస్‌మిస్ వేరుగా నానబెట్టి ఉంచుకోవడము సంఘపు పెద్దమ్మల అలవాటు.