పట్టా ఒకరిది, పంట ఒకరిది

చెన్నై: చేపాక్‌లోని వ్యవసాయ శాఖ కార్యాలయానికీ తిరుత్తణి ప్రాంతపు చేలగట్లకూ నడుమ దూరం వంద కిలోమీటర్లకు లోపే. అయినా అక్కడ బయలుదేరిన సొమ్ము ఇక్కడి సాగుదారును చేరేలోగా ఎన్ని మలుపులు తిరుగుతుందో 2020లో రాష్ట్రమంతా చూసింది.

ప్రధానమంత్రి కిసాన్ సమ్మాన్ నిధి 2019 ఫిబ్రవరిలో ఆరంభమైంది. రైతు కుటుంబానికి ఏటా 6,000 రూపాయలు, మూడు విడతలుగా నేరుగా బ్యాంకు ఖాతాలో జమ అవుతాయి. తొలుత రెండు హెక్టార్ల లోపు వారికే పరిమితమైన ఈ సాయాన్ని అదే సంవత్సరం మినహాయింపు వర్గాలు తప్ప భూమిగల రైతులందరికీ విస్తరించారు. 2020లో కరోనా కాలంలో రైతులు స్వయంగా నమోదు చేసుకొనే వెసులుబాటును దళారులు ఆసరా చేసుకున్నారు. శాఖ సిబ్బంది వాడవలసిన రహస్య సంకేతపదాలు బయటివారి చేతుల్లో పడ్డాయి. సెంటు భూమి లేనివారు కూడా రైతులుగా జాబితాకెక్కారు. అనర్హులు సుమారు అయిదున్నర లక్షల మంది, దారితప్పిన సొమ్ము సుమారు 110 కోట్ల రూపాయలని నాటి వ్యవసాయ శాఖ కార్యదర్శి గగన్‌దీప్ సింగ్ బేడీ ఆ సెప్టెంబరులో వెల్లడించారు. తాత్కాలిక ఉద్యోగులు 80 మందిని తొలగించారు, 34 మంది అధికారులను సస్పెండ్ చేశారు. దర్యాప్తు సి.బి.సి.ఐ.డి.కి వెళ్ళింది.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు, ఆపై తనిఖీలు బిగిశాయి. ఆధార్ అనుసంధానం, ఇ-కేవైసీ, భూమి రికార్డుల సరిపోలిక ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 2025లో రైతులకు ప్రత్యేక గుర్తింపు సంఖ్య నమోదు కూడా చేరింది. ఇవి అవసరమే, కాదనలేము. కానీ వీటి బరువు మోసగాడి కంటె నిజమైన రైతు మీదే ఎక్కువగా పడింది. అందులోనూ సరిహద్దు తెలుగు కుటుంబాల చిక్కు వేరు.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రానికి మారింది. నాటి నుండి అక్కడి పట్టాలు తమిళ పట్టాలే. తెలుగులో క, ఖ, గ, ఘ నాలుగు అక్షరాలు. తమిళంలో వాటన్నిటికీ ఒకటే. త, థ, ద, ధ సంగతీ అంతే. గంగాధరం అన్న పేరు తమిళ పట్టా నుండి తిరిగి ఇంగ్లీషులోకి ఎక్కేటప్పుడు 'కంగాతరం' కావచ్చు. ఆధార్ కార్డులో మాత్రం గంగాధరమే. పొలం గట్టున నిలబడితే ఇద్దరూ ఒక్కరే. కంప్యూటరుకు మాత్రం ఇద్దరు. విడత ఆగిపోయాక తాలూకా కార్యాలయం చుట్టూ తిరగడం కంటె, పట్టాలోని పేరును ఆధార్‌తో ముందే సరిచూసుకొని సవరణకు దరఖాస్తు పెట్టుకోవడం మేలు.

సరిహద్దు గీత మరొక తేడానూ తెచ్చింది. ఆంధ్రలో 2025 ఆగస్టులో మొదలైన అన్నదాత సుఖీభవ కేంద్ర సాయంతో కలిపి ఏటా 20,000 రూపాయలు ఇస్తామన్నది. తమిళనాడు పద్ధతి వేరు. రైతులందరికీ ఉచిత విద్యుత్తు అక్కడ కరుణానిధి కాలం నుండి ఉంది. ఆంధ్రకు అది 2004లో వచ్చింది. 2021లో సహకార పంట రుణాలు 12,110 కోట్ల రూపాయల మేర తమిళనాడు మాఫీ చేసింది. ఒకరు చేతికి నగదు ఇస్తే, మరొకరు బావికి కరెంటు ఇచ్చారు. ఏది ఎక్కువ అన్నది బావిలో నీరున్నదా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

కౌలుదారు మాటేమిటి? కేంద్ర నిధిలో అతనికి చోటు లేదు. తమిళనాడులో కౌలు హక్కుల నమోదుకు 1969 నుండి చట్టం ఉన్నా, ఊళ్ళలో కౌలు నోటిమాట మీదే నడుస్తుంది. ఆంధ్రలో 2019 నాటి చట్టం పదకొండు నెలల సాగు హక్కు పత్రం ఇస్తుంది గాని, దానికి భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని వెనుకాడతాడు. గట్టిగా అడిగితే వచ్చే ఏడు కౌలు దక్కదేమోనని కౌలుదారు నోరు మెదపడు. దరఖాస్తు అటకమీదే ఉంటుంది, విత్తనాలకు అప్పు మాత్రం అతని పేరనే ఉంటుంది.