ఐ7 అని మురిసిపోకండి, ఎన్నో తరమో అడగండి



పెద్దారవీడు స్టడీ రూముకు డెస్క్‌టాప్‌లు కొందామని గ్రూపులో డబ్బులు పోగవుతున్నాయి. మంచి పని. కానీ రెండు రోజులుగా వస్తున్న మెసేజ్‌లు చూసి ఈ పోస్టు రాస్తున్నా. "ఆఫీసుల్లో వాడి తీసేసిన ఐ7లు చవగ్గా వస్తున్నాయి, లేటు చేస్తే పోతాయి" అని కొందరు. "మన పిల్లలు చేసేది టైపింగే కదా, ఏదో ఒకటి చాలు" అని ఇంకొందరు. రెండు మాటలూ తప్పే. రెండోది మనకి చానా చేటు చేసే మాట.

ముందు ఐ7 సంగతి. సంతలో గొడ్డును కొనేటప్పుడు మన పెద్దోళ్లు రంగు చూసి డబ్బులియ్యరు. నోరు తెరిచి పళ్లు చూస్తారు, వయసు తెలుస్తుందని. ప్రాసెసర్‌కి పళ్లంటే ఐ7 పక్కనుండే నంబరు. ఐ7-2600 అంటే 2వ తరం. ఐ5-4570 అంటే 4వ తరం. ఐ5-8400 అంటే 8వ తరం. ఐదంకెలుంటే మొదటి రెండూ కలిపి చదవాలి: ఐ3-12100 అంటే 12వ తరం. షాపుల్లో దీన్నే జనరేషన్ అంటారు. ఆ నంబరు చెప్పకుండా "ఐ7 అన్నా, ఐ7" అని మాత్రమే అనేవాడికి విషయం తెలియకపోవాలి, లేదా తెలిసి దాస్తుండాలి.

ఐ7-2600 వచ్చింది 2011లో. ఐ3-12100 వచ్చింది 2022లో. రెండింట్లోనూ 4 కోర్లు, 8 థ్రెడ్లే. పేరు చూస్తే ఐ7 పెద్దది, ఐ3 చిన్నది. పనిలో చూస్తే ఆ చిన్న ఐ3లో ఒక్కో కోర్ వేగం దాదాపు రెట్టింపు. పైగా కంపెనీ లెక్క ప్రకారం పాతదానికి 95 వాట్లు, కొత్తదానికి 60 వాట్లు. ఐ3, ఐ5, ఐ7 అనేవి ఒకే తరంలో పెద్దా చిన్నా చెప్పే పేర్లు. తరం మారితే ఆ పోలిక పనికిరాదు.

ఇక అసలు గీత ఎక్కడుందో చూద్దాం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మామూలు మద్దతు ఆపేసింది. నమోదు చేసుకున్నోళ్లకి ఏడాది పొడిగింపు ఇచ్చింది. విండోస్ 11కి ఇంటెల్‌లో 8వ తరం, ఆపైవి కావాలి. ఏఎండీలో రైజెన్ 3000 సిరీస్, ఆపైది తీసుకుంటే అనుమానం ఉండదు. "నేను 4వ తరంలో కూడా విండోస్ 11 ఎక్కిస్తా" అనే అన్నలున్నారు. ఎక్కుతుంది, నిజమే. కానీ అలా ఎక్కించినవాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్తోంది. ఆ స్టడీ రూములో మనం చేసేదేంది? జ్ఞానభూమిలో స్కాలర్‌షిప్ చూసుకుంటాం, ఆధార్ నంబరు కొడతాం, బ్యాంకు పాస్‌బుక్ స్కాన్ పెడతాం. పదిమంది వాడే మెషిన్ మీద భద్రత లేకపోతే పోయేది అమ్మినోడి డబ్బు కాదు, మన స్కాలర్‌షిప్.

రెండో లెక్క యూట్యూబ్. మనలో చానామందికి కోచింగ్ అంటే యూట్యూబే. ఇప్పుడక్కడ వీడియోలు ఎక్కువగా వీపీ9, ఏవీ1 అనే పద్ధతుల్లో వస్తాయి. 7వ తరం నుంచి వీపీ9ని, 11వ తరం నుంచి ఏవీ1ని విప్పడానికి గ్రాఫిక్స్‌లోనే ఏర్పాటు ఉంది. 2వ తరంలో ఆ పనంతా ప్రాసెసర్ మీద పడుతుంది. క్లాసు నడుస్తుంటే ఫ్యాను మోగేది అందుకే.

మూడో లెక్క బోర్డు. 4వ తరం డెస్క్‌టాప్ బోర్డుల్లో పట్టేది డీడీఆర్3 ర్యామ్. రేపు కొత్త మెషిన్ కొంటే ఆ ర్యామ్ అందులోకి ఎక్కదు. 7వ తరం బోర్డులో 8వ తరం ప్రాసెసర్ కూడా నడవదు, సాకెట్ పేరు ఒకటే అయినా. ప్రాసెసర్ తొందరగా పోదు, పోయేది బోర్డు, పవర్ సప్లయి. పదేళ్ల కిందటి బోర్డు మార్కాపురంలో దొరక్కపోతే ఒంగోలు పోవాలి. ఆ బస్సు చార్జీలు కూడా చవక ఐ7 ధరలో కలుపుకోండి.

పాతదంతా చెత్త అని నేననడం లేదు. ఇప్పటికే మన దగ్గరున్న 4వ తరం మెషిన్‌ను పారేయొద్దు. హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేసి, 8 జీబీ ర్యామ్ పెట్టి, లైనక్స్ మింట్ ఎక్కిస్తే టైపింగ్‌కీ పీడీఎఫ్‌లకీ హాయిగా నడుస్తుంది. ఉన్నదాన్ని వాడుకోవడం వేరు, చెమటోడ్చిన డబ్బు పెట్టి దాన్నే కొత్తగా కొనుక్కోవడం వేరు. అలాగని "14వ తరం తప్ప వద్దు" అనేవాళ్లతోనూ నేను లేను. ఆ డబ్బుకి ఒకటొస్తే, 8వ తరంవి అంతకంటే ఎక్కువ వస్తాయి. 2017లో వచ్చిన ఐ5-8400లో 6 కోర్లున్నాయి. మన పనికి చానా ఎక్కువే.

ఇప్పుడు "మన పిల్లలకి చాలు" అనే మాట. పాత బట్టలు మనకే, పాత పుస్తకాలు మనకే, ఆఫీసోళ్లు వద్దని తీసేసిన డబ్బాలూ మనకేనా? రైల్వే, ఎస్‌ఎస్‌సీ పరీక్షలు కంప్యూటర్ మీదే రాయాలి. మన పక్కన కూర్చుని రాసేవాడు ఇంట్లో మంచి మెషిన్ మీద ప్రాక్టీస్ చేసి వస్తాడు. దోర్నాల, ఎర్రగొండపాలెం వైపు చెంచుగూడెం నుంచి వచ్చే తమ్ముడు మౌస్ పట్టేది ఈ రూములోనే. వాడు టైపింగే చేస్తాడని ఇప్పుడే ఎవరు తేల్చారు? వాడికి కోడింగ్ నేర్చుకోవాలనిపిస్తే? ఆండ్రాయిడ్ స్టూడియో లాంటిది 2వ తరం మెషిన్ మీద తెరవాలని చూడండి, విసుగొచ్చి కోడింగే వద్దంటాడు. అప్పుడు అందరూ "మనోళ్లకి కంప్యూటర్ ఎక్కదు" అంటారు. ఎక్కనిది కంప్యూటర్ కాదు, మనం కొనిచ్చిన డబ్బా. ఇంట్లో అడిగితే చెప్పేవాళ్లు మనకి లేరు, అందుకే గ్రూపులోనే తేల్చుకోవాలి.

కాబట్టి డబ్బులియ్యక ముందు ఇవి చూడండి:

దిస్ పీసీ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ తెరిచి, ప్రాసెసర్ పూర్తి నంబరు ఫోటో తీసి గ్రూపులో పెట్టాలి. స్టిక్కర్ ఫోటో లెక్కలోకి రాదు.

ఇంటెల్ 8వ తరం కంటే కిందిది కొనొద్దు. టీపీఎం 2.0 ఆన్ చేయించి చూపించమనాలి.

ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ తప్పనిసరి.

కొత్త ఇంటెల్ అయితే నంబరు చివర ఎఫ్ ఉందేమో చూడాలి. ఐ3-12100ఎఫ్ లాంటిదాంట్లో గ్రాఫిక్స్ ఉండవు. వేరే కార్డు కొనకపోతే మానిటర్‌లో బొమ్మే రాదు.

దాతలు ఇస్తామన్నా ఇదే అడగాలి. ఉచితంగా ఇచ్చేదాన్ని కూడా తరం చూసే తీసుకోవాలి. అడిగితే కోపమొస్తుందని భయపడే అన్నలు నా పేరు చెప్పండి, నేనే అడుగుతా.

ఆదివారం లోపు ఎవరైనా 2వ తరం ఐ7కి అడ్వాన్స్ ఇస్తే నా వాటా డబ్బు అందులో కలపొద్దు. 8వ తరం అంటే ఈరోజే పంపుతా.