ఒకరినే కట్టేసే ఆఫర్‌ లెటర్‌

ఆన్‌లైన్‌ పరీక్ష, కోడింగ్‌, టెక్నికల్‌, హెచ్‌ఆర్‌ రౌండ్లు... ఇన్ని వడపోతలు దాటిన ఇంజినీరింగ్‌ విద్యార్థి చేతికి చివరికి ఒక ఆఫర్‌ లెటర్‌ అందుతుంది. దాని విలువెంతో 2022 బ్యాచ్‌కు తెలిసివచ్చింది. ఇన్ఫోసిస్‌ ఎంపిక చేసిన సుమారు 2,000 మంది దాదాపు రెండేళ్లు చేరిక తేదీ కోసం పడిగాపులు కాశారు. విషయం కేంద్ర కార్మిక శాఖ దాకా వెళ్లింది. ఆలస్యంగా చేరినవారు ఊపిరి పీల్చుకోకముందే, 2025 ఫిబ్రవరిలో 300 మందికిపైగా ట్రెయినీలను ఆ సంస్థ మైసూరు కేంద్రం నుంచి పంపించేసింది. మూడు అవకాశాలిచ్చినా అంతర్గత పరీక్షలో గట్టెక్కలేదన్నది దాని వివరణ. విప్రో 2023లో మరో దారి పట్టింది. ఏటా రూ.6.5 లక్షల జీతమని చెప్పి తీసుకున్నవారిని, శిక్షణ ముగిశాక, రూ.3.5 లక్షలకు సర్దుకోమంది.

విదేశీ క్లయింట్లు ఖర్చు తగ్గించుకున్న మాట వాస్తవం. ప్రతిభను పరీక్షించే హక్కునూ ఎవరూ కాదనరు. కానీ గిరాకీ అంచనా తప్పితే ఆ నష్టం అంచనా వేసినవారిది కావాలి. ఇక్కడ అది ఇరవై రెండేళ్ల పిల్లల నెత్తిన పడింది. చాలా కళాశాలల్లో ఒక ఆఫర్‌ వచ్చిన విద్యార్థిని మరో కంపెనీ ఇంటర్వ్యూకు కూర్చోనివ్వరు. అంటే సంతకం పెట్టిన మరుక్షణం విద్యార్థికి మిగతా తలుపులు మూసుకుంటాయి, కంపెనీకి మాత్రం అన్నీ తెరిచే ఉంటాయి. విద్యారుణం వాయిదాలకు మినహాయింపు సాధారణంగా కోర్సు ముగిశాక ఏడాది వరకే. ఆపైన బ్యాంకు అడుగుతుంది, ఊరు అడుగుతుంది. విసిగి మరో ఉద్యోగానికి వెళితే ‘రెండేళ్లు ఖాళీగా ఎందుకున్నావు?’ అని ఇంటర్వ్యూ చేసేవారూ అడుగుతారు. తాను చేయని ఆలస్యానికి సంజాయిషీ చెప్పుకోవాల్సింది అభ్యర్థే! ఇది అన్యాయం.

పెద్ద సంస్థలకే చెల్లిన పద్ధతి రేపు చిన్న కంపెనీలకు ఆనవాయితీ అవుతుంది. ఇంటింటా ఇంజినీరింగ్‌ చదువులున్న తెలుగు రాష్ట్రాలకు ఆ దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది. కళాశాలలకూ ఇందులో బాధ్యత ఉంది. ఆఫర్లనే ఉద్యోగాలుగా లెక్కగట్టి, ఫ్లెక్సీలు కట్టి, అడ్మిషన్లు పెంచుకున్నది అవే. ఆఫర్‌ లెటర్‌లో చేరిక తేదీ, జీతం, అవి తప్పితే చెల్లించే పరిహారం తప్పనిసరిగా ఉండాలి. గడువు మీరిన కంపెనీ ఎంపిక చేసిన విద్యార్థికి మళ్లీ ఇంటర్వ్యూలకు వెళ్లే హక్కు కళాశాల ఇవ్వాలి. వచ్చిన ఆఫర్లతో పాటు నిజంగా విధుల్లో చేరినవారి సంఖ్యనూ ఏటా ప్రకటించాలని ఏఐసీటీఈ, రెండు రాష్ట్ర ప్రభుత్వాలు వచ్చే ప్రవేశాల లోపే కళాశాలలను ఆదేశించాలి.