టైల్స్ తర్వాత.. ముందు లెక్క!

ఉప్పల్ నుంచి నాచారం వైపు గల్లీల్లో ఓసారి నడిచి చూడండి. ముప్పై, నలభై ఏళ్ల కింద కట్టుకున్న ఇళ్లు ఇంకా కనిపిస్తాయి. 2017 నవంబరులో నాగోల్ నుంచి మెట్రో మొదలయ్యాక వీటిపై అందరి చూపూ పడింది. 'పాత ఇల్లు కొను, రంగులేయ్, అమ్మేయ్' అంటూ రీల్స్ సరేసరి. 'జాబ్ దొరకట్లేదన్నా, నాన్న పీఎఫ్ డబ్బుతో ఇదే చేద్దామా?' అని అడిగే జూనియర్లకు నేను చెప్పేది ఒక్కటే. ముందు కాగితం మీద లెక్క వేయండి.

80 లక్షలకు ఇల్లు కొన్నారనుకుందాం. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం, అంటే 6 లక్షలు. రిపేర్లకు 8 లక్షలు. కోటికి అమ్మితే మిగిలేది 6 లక్షలు. కొన్నప్పుడూ అమ్మినప్పుడూ బ్రోకర్‌కు ఒక్కో శాతం ఇస్తే 1.8 లక్షలు పోతాయి. 50 లక్షల లోన్‌కు 9 శాతం చొప్పున ఆరు నెలల వడ్డీ 2.25 లక్షలు. చేతిలో ఉండేది 2 లక్షల లోపే! 24 నెలల్లోపు అమ్మితే ఆ లాభం మీ ఆదాయంలో కలిసి, శ్లాబు ప్రకారం పన్ను కూడా పడుతుంది. ఒక్క పని తప్పుగా ఎంచుకున్నా అంతా గోవిందా.

మా బాబాయ్ అలాగే నష్టపోయాడు. నాచారంలో పాత ఇల్లు అమ్మే ముందు మాడ్యులర్ కిచెన్, ఫాల్స్ సీలింగ్ చేయించాడు. కొన్నది బిల్డర్. నెల తిరక్కుండానే ఇల్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్‌కు పునాది తీశాడు. బాబాయ్ పెట్టిన 4 లక్షలు ఆ మట్టిలోనే కలిసిపోయాయి.

అందుకే మొదటి ప్రశ్న ఇది: కొనేవాళ్లు ఇంటిని కొంటున్నారా, జాగాను కొంటున్నారా? రోడ్డు వెడల్పుగా ఉండి, జాగా పెద్దదైతే చాలాసార్లు రెండోదే. అప్పుడు ఇంటిపై రూపాయి కూడా పెట్టొద్దు. ఈసీ, లింకు డాక్యుమెంట్లు, ఇంటి పన్ను రసీదులు సరిచేసుకుంటే చాలు.

ఇంట్లో ఉండటానికే కొంటున్నారా? అయితే వాళ్ల భయం తీర్చే పనులు ముందు చేయించండి. డాబాపై ఒక రోజంతా నీళ్లు నిలబెట్టి లీకేజీ చూడండి. ఎర్తింగ్ లేని పాత వైరింగ్ మార్పించి, షాక్ కొట్టకుండా ఆర్‌సీసీబీ పెట్టించండి. తుప్పు పట్టిన పైపులు, పొంగే డ్రైనేజీ బాగు చేయించండి. ఆ తర్వాతే సున్నం, రంగులు. చెమ్మ గోడకు రంగేస్తే ఒక్క వానాకాలంలో పొరలుగా లేచిపోతుంది. కిచెన్, సీలింగ్ డిజైన్లంటారా.. మీ టేస్టు వేరు, కొనేవాళ్ల టేస్టు వేరు. అవి వాళ్లకే వదిలేయండి.

నాన్న పీఎఫ్‌ను పణంగా పెట్టకుండానే ఈ పని నేర్చుకోవచ్చు. సివిల్, ఎలక్ట్రికల్ చదివేవాళ్లు ఈ ఆదివారం మీ ఇంటినో, పక్కింటినో నోట్‌బుక్ పట్టుకుని చూడండి. మూడు గడులు గీయండి: తప్పనిసరి, ధర పెంచేది, కేవలం సోకు. ఒక్కోదానికీ మేస్త్రీని, ఎలక్ట్రీషియన్‌ను అడిగి రేటు రాయండి. ఇంటర్వ్యూలో 'సొంతంగా ఏం ప్రాజెక్టు చేశావ్?' అని అడిగితే ఆ కాగితం చూపించొచ్చు. కాపీ కొట్టిన మినీ ప్రాజెక్టు కన్నా అదే మీ తరఫున గట్టిగా మాట్లాడుతుంది.